లోపలికి పీల్చిన గాలి

చొక్కా వీపు అయిపోయింది, చేతులు అయిపోయాయి, కాలరు మిగిలింది. ఆమె నీళ్ళగిన్నెలో వేళ్ళు ముంచి కాలరు మీద చిలకరించి ఇస్త్రీపెట్టె ఆనించగానే సుయ్యిమని ఆవిరి లేచింది. గోడకవతల స్నానాలగదిలో బకెట్టులో మగ్గు మునిగి లేస్తున్న చప్పుడు. మామూలుగా అయితే ఆమె భర్త ఏదో కూనిరాగం అందుకుని, సగంలో రాగం మర్చిపోయి, మగ్గు మీద దరువేసి సరిపెట్టుకుంటాడు. ఇవాళ మగ్గు, నీళ్ళు, అంతే. ఇవాళ గురువారం. ప్రతి గురువారం అతను సంగీతం టీచర్ని కారులో ఎక్కించుకుని కొండ అవతలి ఊళ్ళో పాఠాలకి దింపుతాడు. దింపి, ఖాళీ బండితో వెనక్కి వస్తాడు. వరసగా మూడు గురువారాలు ఆ వెనక్కి రావడంలోనే బండి ఆగిపోయింది. ఆగిపోయిందని అతను చెప్పాడు. బండి ఆగిపోయింది, ఆగిపోయిందని అతను చెప్పాడు, ఈ రెంటి మధ్య ఎంత దూరముందో ఆమెకి నిన్నటి నుంచి అంతు పట్టడం లేదు. కాలరు ఒక పక్క నున్నగా వచ్చింది, రెండో పక్క ముడత పడింది. ముడత మీద మళ్ళీ నీళ్ళు చల్లింది.

వేరే ఇంట్లో అయితే ఇంత తికమక ఉండేది కాదేమో. బండి చెడితే మెకానిక్కు దగ్గరికి తోలుకుపోతారు, మెకానిక్కు ఏది చెబితే అది నమ్ముతారు. ఇక్కడ మెకానిక్కు ఆమే. వీధి చివర షెడ్డు నాన్నది, నాన్న పోయాక ఆమెది. కారు అతనిది. "నడిపేది నేను, బతికించేది మా ఆవిడ" అని ఎక్కిన ప్రతివాళ్ళతోనూ చెబుతాడట, వాళ్ళు ఆమె కనిపించినప్పుడు నవ్వుతూ అప్పజెప్పేవాళ్ళు. బండికి నలత చేస్తే ఆమెని డాక్టరమ్మా అంటాడు. మొదటి గురువారం కూడా అలాగే అన్నాడు. "డాక్టరమ్మా, పేషెంటుకి ఆయాసం వస్తోంది. చాలాసేపు నడిచాక, కొండెక్కే ముందు, కాలు ఎంత తొక్కినా లాగడం లేదు. ముందువైపు తుపుక్కు తుపుక్కుమని దగ్గి ఆగిపోయింది. చాలాసేపటికి తనే లేచింది, ఏమీ ఎరగనట్టు." ఆమె చేతులు తుడుచుకుంటూ విని, లీన్ అవుతోందిరా నాయనా, అనుకుంది, పెట్రోలు చాలక ఉత్త గాలి తాగుతోంది, ఇంతే కదా, సాయంత్రానికి తేల్చేద్దాం అనుకుంది. ఎంత తేలిగ్గా అనుకుంది.

ప్లగ్గులు విప్పితే మొనలు సుద్దముక్కల్లా తెల్లగా ఉన్నాయి. సరిగ్గా మండే ఇంజనులో అవి ఎండిన మట్టి రంగులో ఉండాలి. తెల్లబడ్డాయంటే పెట్రోలు తక్కువై వేడెక్కినట్టు. ఆ తెలుపు చూసి ఆమెకి సంతోషం వేసింది కూడా, రోగం దొరికిందని. ఫిల్టరు మార్చింది. పెట్రోలు పంపు గొట్టం విప్పి సీసాలో పెట్టి ఇంజను తిప్పితే ధార ఆగకుండా పడింది. కార్బురేటరు దించి సన్న రంధ్రాలన్నీ ఊది, కంటి దగ్గర పెట్టుకుని వెలుతురు చూసింది. ఇంజను తిరుగుతుండగా గొట్టాల అతుకుల మీద నీళ్ళు చిమ్మింది. ఎక్కడైనా దొంగగాలి పీలుస్తుంటే శబ్దం మారుతుంది. మారలేదు. తనే బండి తీసుకుని ఊరు చుట్టూ తిరిగింది, కొండ మొదలు దాకా వెళ్ళింది, మధ్యలో ఆపి పెట్రోలు ఎంత తాగిందో చూసుకుంది, వెనక్కి వచ్చింది. బండి పెళ్ళికొడుకులా నడిచింది. తర్వాతి గురువారం మళ్ళీ ఆగింది, ఆమె మళ్ళీ మొదటినుంచి అన్నీ చూసింది, మళ్ళీ బాగానే ఉంది. ఆ తర్వాతి గురువారం కూడా అంతే. రోగి డాక్టరు ముందు కూర్చోగానే జ్వరం దిగిపోయినట్టు. లేదా, అసలు జ్వరమే లేనట్టు. ఈ రెండో మాట మనసులోకి ఎప్పుడొచ్చిందో తెలీదు. వచ్చాక మాత్రం చుట్టంలా వచ్చి కూర్చుంది, లేవదు, పొమ్మనలేదు.

ఎందుకంటే లేని జ్వరాన్ని అతను ఇంతకుముందు ఒకసారి తెచ్చాడు. అప్పటికి పెళ్ళి కాలేదు. నాన్న ఉన్నాడు. అతను బండి తెచ్చి, ఎక్కడో టక్ టక్ మంటోందండీ అన్నాడు. నాన్న కిందికి దూరి చూశాడు, పైకి లేచి చూశాడు, టక్ లేదు, టిక్ లేదు. నాలుగు రోజులకి మళ్ళీ వచ్చాడు, ఈసారి ఎడమవైపు అన్నాడు. మూడోసారి వచ్చి, మీ అమ్మాయి ఒకసారి పక్కన కూర్చుని వింటే తెలుస్తుందేమోనండీ అన్నప్పుడు నాన్న రెంచి కింద పెట్టి, "బాబూ, ఆ చప్పుడు బండిలోంచి కాదు, నీలోంచి వస్తోంది, ఇంటికెళ్ళి పెద్దవాళ్ళని తీసుకురా" అన్నాడు. షెడ్డంతా నవ్వింది. ఆమె గ్రీజు డబ్బా వెనక మొహం దాచుకుని నవ్వింది. పెళ్ళయిన కొత్తలో ఆ కథ ఎంతమందికి చెప్పాడో, ప్రతిసారీ ఆ టక్ టక్ ఎలా ఉండేదో నోటితో చేసి చూపించేవాడు, అంత బాగా చేసేవాడు, లేని చప్పుడుని. ఆడమనిషి కోసం బండికి రోగం అంటగట్టగలడు. ఆమె కోసమే అంటగట్టాడు. అప్పుడు ముద్దొచ్చింది. ఇప్పుడు అదే సాక్ష్యంలా గుర్తొస్తోంది.

ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి చొక్కా బొత్తాలు ఒకటొకటే పెట్టింది. ఒక బొత్తం దారం వదులుగా ఉంది. కుట్టాలి, తర్వాత కుట్టాలి. నిజానికి ప్లగ్గుల తెలుపు అతని వైపే సాక్ష్యం చెబుతోంది కదా, బండి ఎక్కడో పెట్రోలు అందక మలమల మాడిందనే కదా. కానీ అదే తెలుపు, బండిని మరీ వేగంగా చాలాసేపు తోలినా వస్తుంది. ఎక్కడో ఆలస్యమైపోయి, ఇంటికి త్వరగా చేరాలని ఎవరైనా అలా తోలితే. సాక్షి ఒక్కడే, చెప్పేది రెండు మాటలు. మూడో గురువారం ముందుసీటు వెనక్కి జరిపి ఉంది. టీచరుకి మోకాళ్ళ నొప్పి ఉందన్నాడు, ఆమె అడగకముందే అన్నాడు. అతని చేతులు మాత్రం ప్రతిసారీ శుభ్రంగా ఉన్నాయి. బండి ఆగితే బానెట్టు ఎత్తని డ్రైవరుంటాడా? ఉంటాడు, ఇతనే. ఇంజను మీద చెయ్యి వేయాలంటే పాముపుట్టలో పెట్టినట్టే అతనికి. ఆ సంగతి ఆమెకి తెలుసు. తెలిసీ ఆ చేతుల్ని అలా చూసింది. టీచరు మంచిదే, నవ్వుతుంది, దారిలో కనిపిస్తే మీ ఆయన పాట పాడకపోతే బాగుండునమ్మా అంటుంది. అంటే కారులో పాడతాడన్నమాట. పాడితే ఏం? ఇంట్లోనూ పాడతాడు. ఇవాళ పాడటం లేదు.

పాడకపోవడానికి కారణం నిన్నటి మాట. భోజనాల దగ్గర అడిగాడు, "రేపు తీసుకెళ్ళొచ్చా బండి?" అని.

"తీసుకెళ్ళు. దానికేం లేదు."

"ఏం లేకపోవడమేంటి? ఆగిందిగా."

"నా దగ్గర ఆగడం లేదు."

"అయితే నా దగ్గరే ఆగుతుందన్నమాట" అని నవ్వాడు. ఆమె నవ్వలేదు. "అంతేగా మరి" అంది. అతని నవ్వు మొహం మీద ఇంకా ఉండగానే కళ్ళలోంచి దిగిపోయింది. ముద్ద పట్టుకున్న చెయ్యి అలాగే ఉంది. "అంటే?" అన్నాడు. ఆమె మంచినీళ్ళ గ్లాసు అతని వైపు జరిపింది. అంతే జరిగింది. పోట్లాట కాదు. పోట్లాటైతే బాగుండేది, పొద్దున్నకి సర్దుకునేది. ఆ తర్వాత అతను టక్ టక్ కథ గుర్తు తెచ్చుకున్నాడో లేదో, ఆమెకే గుర్తొచ్చిందని కనిపెట్టాడో లేదో, గోడవైపు తిరిగి పడుకున్న మనిషి వీపు చూసి ఏం తెలుస్తుంది.

అత్తయ్య వంటింట్లోంచి తలుపు సందులో తల పెట్టింది. ఈవిడకి ఇంట్లో ఎక్కడా కంత కనిపించకూడదు. ఎలుక కంత, చీమల కంత, కిటికీ చట్రంలో మేకు ఊడిన కంత, దేనికైనా సరే కొవ్వొత్తి మైనం కరిగించి ముద్ద చేసి కూరేస్తుంది. పాత తాళంకప్పలో కూడా ఒకసారి కూరితే సగం రోజు అందరూ వీధిలో నిలబడ్డారు.

"అమ్మాయ్, నా మైనం ముద్ద చూశావా?"

"లేదత్తయ్యా."

"గట్టు కింద చీమలు మళ్ళీ దారి తీశాయి. ఇల్లు మనదో వాటిదో తెలీకుండా ఉంది. మొన్న కారుకి పెట్టగా ఇంత ముద్ద మిగలాలే."

ఆమె చొక్కా మడత పెడుతోంది. చేతులు మడత పెడుతూనే ఉన్నాయి. "కారుకా?"

"మూతకి. నీకు చెప్పలేదూ? మా చెల్లెలింటికెళ్ళి వస్తుంటే దారి పొడుగునా పెట్రోలు కంపు, కడుపులో దేవేసింది. వాడితో అంటే, పెట్రోలు బండి పెట్రోలు వాసనే వస్తుందమ్మా, మల్లెపూల వాసన రాదు అని వెటకారం. దిగాక నేనే వెళ్ళి చూశా. ఆ పెట్రోలు పోసే మూతకి నడిమధ్యలో సూది పట్టేంత కంత. అంత బండి చేసినవాడు అది మూయడం మర్చిపోయాడే! ఇంత మైనం నొక్కి పైన దుమ్ము అద్దా, తెలీనే తెలీదు. అప్పట్నుంచి వాసనుందా, చెప్పు?"

"ఎప్పుడు పెట్టారు?"

"నెల కావస్తోంది. ఏం, అలా చూస్తావేం?"

"ఆయనకి చెప్పారా?"

"వాడికెందుకు, నవ్వడానికా?" అని అత్తయ్య గొణుక్కుంటూ చీమల దగ్గరికి పోయింది.

నెల. మొదటి గురువారానికి ముందు. ఆమె కుర్చీలో కూర్చుంది, కూర్చుని మళ్ళీ లేచింది. ఆ కంత మర్చిపోయినది కాదు, కావాలని పెట్టినది, ట్యాంకుకి ముక్కు అది. పెట్రోలు బయటికి పోయిన మేరకు గాలి లోపలికి రావాలి. రాకపోతే ట్యాంకు ఊపిరి బిగబట్టుకుంటుంది, పంపు ఎంత గుంజినా చుక్క వదలదు, వదిలింది చాలక ఇంజను గాలి తాగి దగ్గి ఆగిపోతుంది. ఆగాక, మూత అంచుల్లోంచి సన్నగా, చాలాసేపటికి, కాస్త గాలి దూరుతుంది, మళ్ళీ లేస్తుంది. ఏమీ ఎరగనట్టు. అతను చెప్పింది చెప్పినట్టు. మిగతా రోజుల్లో ఊళ్ళో చిన్న చిన్న తిరుగుళ్ళే, ట్యాంకుకి అంత గాలి కరువు రాదు. మరి తన దగ్గర ఎందుకు ఆగలేదు? అడుగుతుండగానే తెలిసిపోయింది. నాన్న నేర్పిన మొదటి పాఠం. ఏ బండి వచ్చినా బానెట్టు ముట్టుకోకముందు ట్యాంకు మూత తీసి పెట్రోలుందో లేదో కళ్ళతో చూడాలి, ముల్లుని నమ్మకూడదు. "ముందు పొట్ట చూడవే, గుండె తర్వాత కోద్దువుగాని" అనేవాడు. ఆమె ప్రతిసారీ ముందు మూత తీసింది. తీసిన ప్రతిసారీ ట్యాంకు ఊపిరి తీసుకుంది. పరీక్ష మొదలు పెట్టకముందే తన చేత్తో తనే రోగాన్ని తుడిచేసి, తర్వాత ఇంజనంతా విప్పి రోగం కోసం వెతికింది. కొండ దారిలో మధ్యలో ఆపి, మళ్ళీ మూత తీసి చూసింది కదా, మళ్ళీ తుడిచేసింది. ఆ మూతని తిప్పే వేళ్ళకి మూత తెలుసు, కళ్ళకి తెలియదు. చూసేది ఎప్పుడూ లోపలికే.

ఇంకా ఉంది. రెండో గురువారం, పొద్దు గుంకాక అతను వచ్చీ రాగానే ఆమె వెళ్ళి మూత తిప్పితే ఉస్సుమంది. పగలంతా ఎండలో ఉన్న ట్యాంకు ఉస్సుమనడం మామూలే. కానీ చేతిలో గుడ్డపేలిక ఉంది, దారాలు ఊడిన అంచు, ఆ దారాలు బయటికి ఎగరలేదు, లోపలికి వంగాయి. ట్యాంకు ఆవిరి వదల్లేదు, గాలి పీల్చింది. చూసింది. కళ్ళతో చూసింది. చూస్తున్నప్పుడు మనసు అక్కడ లేదు, బండికి అటువైపు నిలబడి తువ్వాలుతో మొహం తుడుచుకుంటున్న మనిషి చేతుల మీద ఉంది, శుభ్రంగా ఉన్న చేతుల మీద.

పెరటి తలుపు తీసి బయటికి వచ్చింది. కారు గోడ నీడలో ఉంది, మంచు తడి అద్దం మీద ఇంకా ఆరలేదు. పెట్రోలు మూత మీద బొటనవేలు పెట్టి తడిమితే నడిమధ్యలో మెత్తగా తగిలింది, దుమ్ము అద్దిన మైనం, గోరు పెట్టి గిల్లితే వచ్చేస్తుంది. లోపలికి పరుగెత్తి స్నానాలగది తలుపు కొట్టి చెప్పాలనిపించింది. ఏమని? నీ మాట నిజమేనని. నిజమేనా? అతనికి మైనం సంగతి తెలీదు, తెలీని రోగాన్ని లక్షణాలతో సహా చెప్పాడు, ప్లగ్గుకీ పంపుకీ తేడా అడిగితే తల గోక్కునే మనిషి కల్పించి చెప్పగలడా? గుండె తేలికైంది. మరుక్షణం మళ్ళీ బరువెక్కింది. ఇన్నేళ్ళుగా భోజనాల దగ్గర ఆమె చెప్పిన బండ్ల కథలన్నీ విన్నాడు కదా, దగ్గడం, లాగకపోవడం, తనే లేవడం, అవన్నీ ఆమె మాటలే కదా. టక్ టక్ నోటితో చేసినవాడు. పోనీ, గుడ్డ దారాలు అబద్ధం చెప్పవు, ట్యాంకులో గాలి కరువైన మాట నిజం, బండి ఆగే ఉంటుంది. ఆగితే ఎంతసేపు? అతను వచ్చేసరికి ప్రతిసారీ పొద్దు వాలిపోయింది. ఆగిన బండి లేవడానికి అంతసేపు పడుతుందా, లేక బండి కొంతసేపు ఆగిందా, అతను కొంతసేపు ఆగాడా? కంత మూసిన మైనం, బండి ఆగగలదని మాత్రమే చెబుతోంది. అంతకుమించి ఒక్క ముక్క చెప్పడం లేదు.

గోరు మైనం మీదే ఉంది. గిల్లేస్తే బండి బాగుపడుతుంది. బాగుపడితే ఇక ఎప్పుడూ ఆగదు. ఆగకపోతే ఆ మూడు గురువారాలు ఏమయ్యాయో ఎప్పటికీ తెలీదు. ఇవాళ అతను వేళకి వచ్చేస్తే, మూత బాగైనందుకు వచ్చాడా, నిన్నటి మాటకి జడిసి వచ్చాడా? ఆ ప్రశ్న పక్కలో పెట్టుకుని ఎన్నాళ్ళు పడుకోవడం? గిల్లకుండా ఊరుకుంటే, ఇవాళ అతను మళ్ళీ కొండ మొదట్లో ఒక్కడే నిలబడతాడు, ఏ తప్పూ చేయకుండా, నమ్మని పెళ్ళాం ఇంట్లో ఉండగా. అలా చేయగలదా తను? ఇన్నేళ్ళలో ఒక్క బండిని కూడా తెలిసి తెలిసి చెడగొట్టి పంపలేదు. ఇన్నేళ్ళలో ఒక్క బండిని కూడా ఇది ఆగితే బాగుండునని కోరుకోలేదు. నాన్నా, పొట్ట చూశాను, గుండె ఎలా చూడాలో చెప్పావు కావు. నాన్న ఉండి, ఇప్పుడు చెబితే, పిచ్చిదానా, వెళ్ళి మొగుణ్ణి అడుగు అనేవాడు. అడిగితే చెబుతాడు. ఏది చెప్పినా ఒకేలా చెబుతాడు.

స్నానాలగది గడియ తీసిన చప్పుడు. "అమ్మా, నా చొక్కా ఏదీ?" అని తల్లిని అడుగుతున్నాడు, ఆమెని కాదు. "నీ పెళ్ళాం ఇందాకటి దాకా ఇక్కడే ఉందిరా" అంటోంది అత్తయ్య. తాళంచెవి నడవలో మేకుకి ఉంది. ఆమె మైనాన్ని అలాగే వదిలి లోపలికి వెళ్ళి తీసుకుంది, చెప్పులు వేసుకుంది, షెడ్డులో వేసుకునే పాత చెప్పులు దొరకలేదు, దొరికినవి వేసుకుంది. టీచరు వాళ్ళింటి గేటు దగ్గర ఎదురుచూస్తూ ఉంటుంది. ఆవిణ్ణి ఎక్కించుకోవాలా, ఎక్కించుకోకుండా ఒక్కతే పోవాలా, వీధి చివర్లో తేల్చుకోవచ్చు. కొండ దాటి అవతలి ఊరి దాకా వెళ్ళి ఒకే ఊపున వెనక్కి రావాలి, మూత తీయకూడదు, ఎక్కడా ఆగకూడదు, ఎక్కడ దగ్గుతుందో చూడాలి, ఆగిన చోట ఏముందో చూడాలి, చెట్టుందా, కొట్టుందా, ఎవరిదైనా ఇల్లుందా, ఆగినదాని పక్కన నిలబడి అది మళ్ళీ తనంతట తను లేచేదాకా ఎంతసేపు పడుతుందో నిలబడి చూడాలి.

బండి ఎక్కి తాళం తిప్పింది. ఒక్క తిప్పుకే అందుకుంది, నున్నగా, ఏ బాధా లేనట్టు. పెట్రోలు ముల్లు సగం దగ్గర నిలిచింది. ఆమె నేరుగా వచ్చి ఎక్కడం నడవలోంచి చూశాడేమో, అతను తువ్వాలు భుజాన వేసుకుని, తల తడి ఆరకుండానే పెరటి గుమ్మంలోకి వచ్చాడు.

"ఎక్కడికి?"

ఆమె గేరు వేసింది.

అతను ఒక మెట్టు దిగాడు. అతని చూపు ఆమె మీద నుంచి బండి వెనక్కి, పెట్రోలు మూత దాకా వెళ్ళి మళ్ళీ ఆమె మీదికి వచ్చింది. "మూత తీసి చూడలేదేంటి?" అన్నాడు, కోపంగా కాదు, తికమకగా, ఆ మాట అడగాల్సి వస్తుందని ఎన్నడూ అనుకోనివాడిలా. ఆమె అద్దంలోంచి అతన్ని చూసింది. గేటు తెరిచే ఉంది. క్లచ్చు వదిలింది, బండి వీధిలోకి దిగింది.